కత్తిరించిన మూడు సెకన్లు

వకుళ స్టాప్‌వాచీ ఆపింది. నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు. తప్పు చూశానేమోనని కళ్ళజోడు తీసి, చీర చెంగుతో తుడుచుకుని మళ్ళీ చూసింది. అదే అంకె. వారం కిందటిదాకా మోటారంటే పుస్తకంలో బొమ్మ తప్ప మరేమీ ఎరగని డిల్లేశ్వరరావు, ఇప్పుడు ఆమె కళ్ళ ముందే వైర్లు బిగించి, మీటర్లు కలిపి, స్విచ్చి వేసి, స్టార్టరు పిడిని మెల్లగా జరిపి మోటారును నడిపించేశాడు. ఒక్క తీగ కూడా తప్పు చోటికి పోలేదు. చివరి సంవత్సరం వాళ్ళకైనా ఇరవై నిమిషాలు పట్టే పని అది.

ఎలా చేశావని అడిగితే వాడు తన అరచేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "నాకేటీ తెలీదు మేడమ్. చెయ్యే ఎల్లిపోయింది," అన్నాడు. ఆ మాటకు వకుళకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. ముప్ఫై తొమ్మిదేళ్ళ అసిస్టెంట్ ప్రొఫెసరు పిల్లల ముందు గంతులేస్తే బాగుండదని ఊరుకుంది గాని, స్టాఫ్ రూముకు వెళ్ళే మెట్లు మాత్రం రెండేసి చొప్పున ఎక్కింది.

ఇదంతా ఒక జత గ్లౌజుల మహిమ. పని చేస్తున్న చేతి కండరాల్లో సన్నటి రొద పుడుతుంది. మన చెవికి ఆనదు. వకుళ ఆరేళ్ళు తంటాలు పడి తయారుచేసిన గ్లౌజులు ఆ రొదను విని దాచుకుంటాయి. తర్వాత వాటిని కొత్తవాడికి తొడిగి, యంత్రం బొమ్మ కనిపించే అద్దాలు కళ్ళకు పెడితే, దాచుకున్న కదలికను వాడి వేళ్ళలోకి మెల్లగా తోస్తాయి. పక్కన ట్యుటోరియల్ నడుస్తూ ఏ తీగ ఎక్కడికి, ఎందుకు వెళ్తోందో చెబుతుంటుంది. మొదటిసారి వేళ్ళు మొరాయిస్తాయి. మూడోసారికి దారిలోకొస్తాయి. ఎనిమిదోసారికి గ్లౌజు తీసేసినా చెయ్యి తన పని తాను చూసుకుంటుంది.

ఆరేళ్ళ కిందట వకుళ మన్యంలో ఒక కాలేజీకి ప్రాక్టికల్ పరీక్షలు జరపడానికి వెళ్ళింది. అక్కడ ల్యాబు పేరుతో ఉన్న గదిలో ఒకే ఒక్క మోటారుకు గుడ్డ కప్పి ఉంది. నేర్పేవాళ్ళు లేక దాన్ని ఎవరూ తిప్పలేదు. ఒక అమ్మాయి అడిగిన ప్రశ్నలన్నిటికీ తడుముకోకుండా జవాబులు చెప్పి, లేచి వెళ్ళిపోతూ గుమ్మం దగ్గర ఆగింది. ఒకసారి దాన్ని ముట్టుకోవచ్చా మేడమ్ అని అడిగింది. నాలుగేళ్ళు ఇంజనీరింగ్ చదివిన పిల్ల అడగాల్సిన మాటేనా అది. ఆ రోజు ఇంటికి వచ్చేదాకా వకుళకు ముద్ద దిగలేదు.

అందుకే ఈ పోటీ. బొబ్బిలి దాటాక పార్వతీపురం రోడ్డు మీద వకుళ పనిచేసే కాలేజీలో, ఎలక్ట్రికల్ రెండో సంవత్సరం పిల్లలు అరవైమందిని రెండుగా విడదీశారు. ముప్ఫైమందికి క్లాసులో హెచ్చోడీ భానోజీరావు గారి బోర్డు పాఠాలు, ల్యాబులో మామూలు ప్రాక్టికల్సు. మిగతా ముప్ఫైమందికి సెమినార్ హాల్లో వకుళ ట్యుటోరియల్, గ్లౌజులు. పిల్లలు ఊరుకుంటారా. ఒకటి సుద్దముక్క సెక్షను, రెండోది గ్లౌజు సెక్షను అని పేర్లు పెట్టేశారు. సెమిస్టరు చివర యాజమాన్యం వచ్చి చూస్తుంది. గ్లౌజులు గెలిస్తే మన్యంలో వాళ్ళకున్న ఐదు కాలేజీలకూ అవే వెళ్తాయి. గుడ్డ కప్పిన మోటారు ముందు నిలబడ్డ పిల్లలందరి చేతులకూ పని వస్తుంది. వకుళకు కావలసింది అదొక్కటే.

సరే, ఆ గ్లౌజుల్లో దాచిన చెయ్యి ఎవరిది? గవర్రాజుది. మెషీన్స్ ల్యాబులో ముప్ఫై నాలుగేళ్ళుగా టెక్నీషియను. హోదాకు టెక్నీషియనే గాని, కాలేజీ మొత్తం మాస్టారనే పిలుస్తుంది. వకుళ అక్కడే చదివింది, ఆయన దగ్గరే మొదటి స్క్రూడ్రైవరు పట్టింది. మోటారు పాడైతే ఆయన దాని మీద అరచెయ్యి ఆనించి, జ్వరం చూసినట్టు చూసి, ఫలానా చోట విప్పండి అంటాడు. విప్పితే తప్పు అక్కడే ఉంటుంది.

ఆయన ల్యాబుకు ఒక ఆచారం ఉంది. కరెంటు ఇచ్చే ముందు స్విచ్చి దగ్గరున్నవాడు చెయ్యి ఆపి, "సప్లై ఇత్తన్నానోయ్," అని కేకెయ్యాలి. గడప లోపల ఉన్న ప్రతి మనిషీ రెండు చేతులూ పైకెత్తి, "ఇయ్యి," అనాలి. ప్రతి మనిషీ అంటే ప్రతి మనిషే. ఓసారి సంతకం కోసం వచ్చిన ఆఫీసు గుమాస్తా పలకలేదని ఆయన ల్యాబు మొత్తాన్ని ఆపేశాడు. పాపం ఆ గుమాస్తా ఫైలు చంకలో ఇరికించుకుని, రెండు చేతులూ ఎత్తి ఇయ్యి అన్నాకే మోటారు తిరిగింది. పిల్లలు ఈ తంతును హాస్టల్లో అనుకరించి పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకుంటారు. వకుళ బ్యాచి వాళ్ళూ నవ్వుకున్నవాళ్ళే.

ఈ సెమిస్టరులో ఒకనాడు వకుళ కిటికీలోంచి సుద్దముక్క సెక్షను ఎలా చేస్తోందో చూసింది. ఒకడు కేకేశాడు. అందరూ పలికారు. ఓ మూల సీసా ఎత్తి నీళ్ళు తాగుతున్న అమ్మాయి పలకలేదు. అంతే, అందరి చేతులూ గాల్లోనే ఉండిపోయాయి. ఆ పిల్ల గుటక వేసి, మూత బిగించి, చేతులెత్తేదాకా ఎవరూ కదల్లేదు. వకుళ నవ్వుకుంటూ తన పుస్తకంలో రాసుకుంది: కేకల వల్ల వృథా అయ్యే సమయం, ఒక్కో ప్రయోగానికి సుమారు రెండు నిమిషాలు.

మాస్టారి చేతుల్ని గ్లౌజుల్లోకి ఎక్కించే పని అంతకు ముందు వేసవి సెలవుల్లోనే జరిగింది. ల్యాబులో ఆయన, ఆమె, మూలన ఆమె కంప్యూటరు. మాట్లాడితే గొంతు అదురు కండరాల రొదలో కలిసి, తెర మీద ఆ రొదను చూపే గీత పాడవుతోంది. నోరు విప్పకుండా చెయ్యండి మాస్టారూ అని వకుళ బతిమాలింది. ఆయన తల ఊపి, పెదాలు బిగించి, సెలవులు అయ్యేదాకా మూగవాడిలా పని చేశాడు. ఆమె తెర మీద నడిచే గీతల్లోంచి తల తిప్పలేదు. ఎంత అందమైన గీతలవి. తడబాటు లేదు, తొట్రుపాటు లేదు.

ఒక్కటే మచ్చ. ప్రతి పాఠంలోనూ ఎడమచెయ్యి మెయిన్ స్విచ్చి దాకా వెళ్ళి ఆగిపోతోంది. మూడు సెకన్లు. ఒకోసారి నాలుగు. గీత అక్కడ చదునుగా పడుకుంటోంది. వకుళ దాని గురించి రెండు రోజులు ఆలోచించింది. మాస్టారికి వయసు మీద పడుతోంది, స్విచ్చి మరీ గట్టిది, బలం కూడదీసుకుంటున్నాడు అనుకుంది. ఈ ముసలి చెయ్యి నిదానం అని రేపు ఎవరైనా అంటే ఆమె తట్టుకోలేదు. ప్రేమతోనే చేసింది. అన్ని పాఠాల్లోంచీ ఆ చదును ముక్కలు కత్తిరించి, రెండు చివర్లూ కలిపేసింది. అతుకు కూడా కనపడలేదు. చెయ్యి ఇప్పుడు స్విచ్చి మీదికి నీళ్ళలా జారింది.

ఇంట్లో కూడా ఆ రోజుల్లో గ్లౌజుల గోలే. వకుళ భర్త ఉదయభాస్కర్ హైస్కూల్లో లెక్కల మాస్టారు. పాతికేళ్ళు బోర్డు ముందు నిలబడ్డవాడు కాబట్టి, నీ గ్లౌజులొస్తే మేమంతా బజ్జీల బండ్లు పెట్టుకోవాలా అని ఏడిపించేవాడు. అత్తగారు సుభద్రమ్మకు మాత్రం కోడలి పనితనం మీద గురి. కజ్జికాయ అంచును తాడు పేనినట్టు మడవడం తన చేతికి తప్ప ఆ ఇంట్లో ఎవరికీ రాలేదని ఆవిడ దిగులు. వకుళ ఒక ఆదివారం ఆవిడ చేతికి గ్లౌజులు తొడిగి ఆ మడతను వాటిలోకి ఎక్కించుకుంది. మరుసటి ఆదివారం ఉదయభాస్కర్‌కు తొడిగింది. ఎనిమిది కజ్జికాయలయ్యాక గ్లౌజులు తీసేస్తే, జన్మలో చపాతీ పిండి ముట్టని ఆ మనిషి వేళ్ళు అంచును చకచకా మడిచేస్తున్నాయి. సుభద్రమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆయన అదే ఊపులో వాటిని బాణలిలో వేసేశాడు. స్టవ్వు వెలిగించి అర నిమిషం కూడా కాలేదు. పచ్చి నూనెలో ఊరి, విచ్చుకుపోయిన కజ్జికాయల్ని చూసి ముగ్గురూ పడీ పడీ నవ్వారు. నూనె కాగిందా అని నేను వంటింట్లో ఎవరో ఒకర్ని అడిగి గాని వెయ్యనురా అంది సుభద్రమ్మ. చేతులకు ఆ సంగతి తెలీదు కదా అత్తయ్యా అంది వకుళ. ఆ మాటను అక్కడితో మరిచిపోయింది కూడా.

సెమిస్టరు మధ్య పరీక్షల్లో గ్లౌజు సెక్షను దుమ్ము దులిపేసింది. పది ప్రయోగాలకు సుద్దముక్క సెక్షను నాలుగు పూర్తి చేసేసరికి వీళ్ళు పదీ చేసి కూర్చున్నారు. భానోజీరావు గారు కూడా ఒప్పేసుకుని, నా సుద్దముక్కకు పెన్షన్ ఇప్పించమ్మా అన్నారు. కాలేజీలో ఎక్కడ చూసినా ఇదే ముచ్చట. క్యాంటీన్లో టీ గ్లాసు పట్టుకున్న పిల్లలు గాల్లో వైర్లు బిగించి చూపిస్తున్నారు. వకుళకు కాలు ఒకచోట నిలవలేదు.

యాజమాన్యం వచ్చేది గురువారం పదింటికి. చూపించాల్సింది బ్రేక్ టెస్ట్. మోటారు ఇరుసు మీదున్న ఇనప డ్రమ్ముకు పట్టీ చుట్టి, బిగించి, అది ఎంత బలంగా లాగుతుందో కొలిచే ప్రయోగం. డ్రమ్ము ఒక చివర, స్విచ్చి బోర్డు పది అడుగుల దూరంలో. ట్యుటోరియల్లో ఒక్కొక్కరూ మొత్తం పని తామే చేస్తారు. ముందు పట్టీ వదులు చెయ్యడం, తర్వాత నడుచుకుంటూ వెళ్ళి స్విచ్చి వెయ్యడం. ఒక్కరు చేస్తే ఆరు నిమిషాలు. ఇద్దరికి పంచితే మూడు నిమిషాల్లో తేలిపోతుందని బుధవారం మధ్యాహ్నం వకుళకు తట్టింది. చైర్మన్ గారు నోరెళ్ళబెట్టడం ఆమెకు అప్పుడే కళ్ళకు కట్టింది. పట్టీ దగ్గరికి హిమబిందును, స్విచ్చి దగ్గరికి డిల్లేశ్వరరావును ఎంచుకుంది. ఇద్దరూ సెక్షన్‌లో మొదటి రెండు స్థానాల్లో ఉన్నవాళ్ళు.

గురువారం ల్యాబు కిటకిటలాడిపోయింది. చైర్మన్ గారు, ప్రిన్సిపాలు, వెనక సుద్దముక్క సెక్షను. గవర్రాజు అలవాటుగా మోటారు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఇద్దరు పిల్లలు రెండు చోట్ల ఉండడం చూసి నోరు తెరవబోయాడు. వకుళ పరుగున వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుంది. "ఇవాళ ఒక్కరోజుకీ మీరేమీ అనకండి మాస్టారూ. అంతా వాళ్ళే చెయ్యాలి," అంది. ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. తన దగ్గర చదువుకున్న పిల్ల గెలవబోతోందని ఆయనకు మాత్రం సంతోషం కాదా. తల ఊపి డ్రమ్ము పక్కన గోడకు జారగిలబడ్డాడు.

మొదలైంది. నాలుగు చేతులు ఒక్కసారి కదిలాయి. వైర్లు టకటకా బిగుసుకుంటున్నాయి. చైర్మన్ గారు ముందుకు వంగారు. రెండు నిమిషాల ఇరవై సెకన్లకు డిల్లేశ్వరరావు వైర్లన్నీ పూర్తి చేశాడు. అటు పక్క హిమబిందు పట్టీ ఒక అంచు మెలిపడింది. ఆమె వేళ్ళు పట్టీకీ డ్రమ్ముకూ మధ్య పెట్టి మెలిక విప్పుతోంది. డిల్లేశ్వరరావు మీటర్ల వైపు చూస్తున్నాడు. వాడి ఎడమచెయ్యి స్విచ్చి మీదికి వెళ్ళింది. ఆగలేదు. కుడిచెయ్యి స్టార్టరు పిడిని జరిపింది.

మోటారు తిరిగింది. "కట్," అని గవర్రాజు పెట్టిన కేక గ్లౌజు సెక్షనులో ఎవరికీ అర్థం కాలేదు. వాళ్ళ ట్యుటోరియల్లో ఆ మాట లేదు. వెనక నుంచి సుద్దముక్క సెక్షను పిల్ల ఒకతె బల్ల మీదుగా దూకి స్విచ్చి లాగింది. డ్రమ్ము ఆగేసరికి హిమబిందు వెల్లకిలా నేల మీద పడి ఉంది. ఆమె చేతులకు చిన్న గీత కూడా పడలేదు. ఆమెను లాగి పారేసి, ఆ చోట పట్టీ కింద ఇరుక్కుంది గవర్రాజు కుడిచెయ్యి.

డిల్లేశ్వరరావు పిడి పట్టుకునే కొయ్యబారిపోయాడు. చెయ్యే ఎల్లిపోయింది, చెయ్యే ఎల్లిపోయింది అని అదే మాట అంటున్నాడు. మొదటిసారి ఆ మాట విని రెండేసి మెట్లు ఎక్కిన వకుళ, ఇప్పుడు ఉన్నచోటే గోడ పట్టుకుని కూర్చుండిపోయింది.

చూపుడు వేలు, మధ్య వేలు. రెండూ రెండో కణుపు దాకా పోయాయి.

శనివారం ప్రిన్సిపాలు పిలిపించారు. యాజమాన్యం గ్లౌజుల మీద మనసు మార్చుకోలేదట. పైగా వేగం చూసి చైర్మన్ గారు మురిసిపోయారట. ఐదు కాలేజీల పని వచ్చే నెలే మొదలుపెడదామన్నారట. ఒక్క చిన్న నివేదిక కావాలి. విద్యార్థి అజాగ్రత్త వల్ల ప్రమాదం జరిగిందని వకుళ సంతకం పెడితే సరిపోతుంది. డిల్లేశ్వరరావుకు ఒక ఏడాది పోతుంది, అంతే. ప్రిన్సిపాలు చెడ్డవారు కారు. మన్యం పిల్లల మొహం చూడమ్మా అన్నారు. వకుళ కాగితం తీసుకుని బయటికొచ్చింది. గుమ్మం దగ్గర ఆగి, మోటారును ముట్టుకోవచ్చా అని అడిగిన అమ్మాయి గుర్తొచ్చింది. డిల్లేశ్వరరావు రెండు రోజులుగా భోజనం చెయ్యలేదని హాస్టల్లో చెప్పిన మాటా గుర్తొచ్చింది. తప్పు వాడిదేనా? స్విచ్చి దగ్గర వాడి చెయ్యి ఎందుకు ఆగలేదో ఆమెకు నిజంగానే తెలియలేదు. మాస్టారి చెయ్యే కదా అది.

గ్లౌజుల పెట్టె, అద్దాలు పట్టుకుని ఆస్పత్రికి వెళ్ళింది. మంచం మీద గవర్రాజు తెల్లటి కట్టును ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. వకుళ ఏడ్చింది. వీటిని చెత్తలో పారేస్తాను మాస్టారూ అంది.

"పారేత్తారేటమ్మా? అలగనకండి. ఇన్నాళ్ళూ మీరు పడ్డ కట్టం పారేత్తారా?" అన్నాడాయన. పెట్టె వైపు చూసి, "నా సెయ్యి అందరికీ తొడిగినారు. నాకు తొడగనేదు. ఓపాలి తొడగండి, ఎలగుంటాదో సూత్తాను," అన్నాడు.

నిజమే. నేర్పిన మనిషికి నేర్చుకునేవాడి గ్లౌజు తొడగాలని ఎవరికీ తోచలేదు. కుడిచేతికి కట్టుంది. వకుళ ఎడమచేతికి తొడిగి, కళ్ళకు అద్దాలు పెట్టింది. పాఠం మొదలైంది. ఆయన వేళ్ళు గాల్లో వైర్లు బిగించాయి. గవర్రాజు చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఇది మా అయ్య నేర్పిన ముడి, ఇది నేను సొంతంగా పట్టిన కిటుకు అని మురిసిపోతూ చెప్పుకుపోయాడు. ఎడమచెయ్యి స్విచ్చి వైపు లేచింది, స్విచ్చి వేసేసింది. ఆయన నవ్వు ఆగిపోయింది. ఇంకోసారి పెట్టమన్నాడు. ఇంకోసారీ అంతే అయింది. అద్దాలు తీసి పక్కన పెట్టాడు.

"ఇది నా సెయ్యి కాదమ్మా," అన్నాడు. "స్విచ్చి కాడ నా సెయ్యి ఆగుతాది. ముప్పై నాలుగేళ్ళనుంచి ఆగతంది. ఇదేటి ఇలగ పరిగెట్టింది?"

వకుళ పాఠం ఆపేసింది. చదునుగా పడుకున్న గీతలన్నీ వరసగా కళ్ళ ముందుకొచ్చాయి. ఆ మూడు సెకన్లు నేనే కత్తిరించాను మాస్టారూ, వయసు వల్ల నిదానమనుకున్నాను అని చెప్పేసింది. ఆయన కట్టున్న చేతిని ఒళ్ళో సర్దుకున్నాడు.

"నిదానం కాదమ్మా. మాటాడొద్దన్నారు గదా. నోరు మూసుకోని మనసులోనే కేకేసినాను. కేకేసినాక ఎవులో ఒకరు ఇయ్యమనాల గదా. అందుకు ఆగినాను."

అప్పుడు ల్యాబులో ఎవరూ లేరు కదా, ఎవరి కోసం ఆగారు అని అడిగింది వకుళ. అడుగుతుండగానే జవాబు ఆమెకు తెలిసిపోయింది.

"మీరున్నారు గదమ్మా," అన్నాడు గవర్రాజు. "మీరు ఇయ్యండంటారని మీకేసి సూసేవోడిని. మీరు కంప్యూటర్ కేసి సూసేవోరు. పనిలో ఉన్నారులే అని ఇచ్చేసేవోడిని."

ఆయన నిష్ఠూరంగా అనలేదు. అందుకే ఆ మాట ఆమెకు మరీ లోతుగా దిగింది. ఇన్ని పాఠాలు, ప్రతి పాఠంలోనూ మూడు సెకన్లు ఆ మనిషి తన వైపు తిరిగి చూశాడు. ఆమె తల ఎత్తలేదు. పైగా ఆ చూపునే తీసి పారేసింది.

నివేదిక ఆ సాయంత్రమే రాసింది. విద్యార్థి అజాగ్రత్త అన్న చోట అడ్డంగా గీత గీసి, పాఠంలోంచి మూడు సెకన్లు నేను తీసేశాను, మాట్లాడబోయిన మాస్టారిని రెండుసార్లు నేనే ఆపాను అని రాసి సంతకం పెట్టింది. నివేదిక చివర రెండు పద్ధతులకూ పోలిక రాయాల్సిన చోట, ట్యుటోరియల్ ఒక్క మనిషికి యంత్రాన్ని నేర్పుతుంది, ల్యాబు ఆ యంత్రం చుట్టూ ఇంకా మనుషులున్నారని నేర్పుతుంది, నేను మొదటిది కొలిచి రెండోదాన్ని వృథా అని రాశాను అని తేల్చేసింది. ఐదు కాలేజీల పనిని ఏడాదిపాటు వాయిదా వేశారు. చైర్మన్ గారు ఫోను ఎత్తడం మానేశారు. డిల్లేశ్వరరావు ఏడాది మాత్రం పోలేదు. ఉదయభాస్కర్ ఆ నివేదిక చదివి, ఈసారి ఏడిపించకుండా టీ పెట్టి తెచ్చి ఇచ్చాడు.

కానీ వకుళ దిగులుపడి కూర్చునే మనిషైతే కదా. పాత గీతలన్నీ భద్రంగానే ఉన్నాయి. ఒక్కొక్క పాఠం తెరిచి, అతుకు విప్పి, మూడు సెకన్లు ఉన్నచోట మళ్ళీ పెట్టింది. అక్కడితో ఆగలేదు. గ్లౌజుకు చిన్న చెవి అమర్చింది. స్విచ్చి దగ్గర చెయ్యి ఆగాక, గదిలో ఎంతమంది ఉన్నారో అన్ని గొంతులూ పలికితేనే గ్లౌజు ముందుకు కదులుతుంది. ఒంటరిగా కూర్చుని నేర్చుకుందామంటే కుదరదు. పక్కన ఎవరో ఒకరు ఉండి తీరాలి. అమ్ముకోవడానికి ఇంతకన్నా పనికిమాలిన మార్పు ఉండదని ప్రిన్సిపాలు నెత్తి కొట్టుకున్నారు. వకుళకు మాత్రం మొదటిరోజు స్టాప్‌వాచీ పట్టుకున్నప్పటి హుషారు మళ్ళీ వచ్చేసింది. సుభద్రమ్మను కూర్చోబెట్టి కజ్జికాయల పాఠం కూడా మళ్ళీ ఎక్కించుకుంది, ఈసారి నూనె కాగిందా అన్న ప్రశ్నతో సహా.

కొత్త సెమిస్టరు మొదటి సోమవారం మెషీన్స్ ల్యాబు తలుపులు తెరిచారు. ఈసారి సెక్షన్లు లేవు. అరవైమందీ ఒకేచోట. క్లాసు పాఠం భానోజీరావు గారు చెప్పారు, చేతులకు గ్లౌజులు తొడిగారు, మధ్యలో గవర్రాజు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కుడిచేతికి మూడు వేళ్ళే ఉన్నా సుద్దముక్కను బాగానే పట్టుకుంటున్నాడు. గుమ్మం దగ్గర మన్యం కాలేజీల నుంచి వచ్చిన నలుగురు లెక్చరర్లు. తమకూ గ్లౌజులు కావాలని, చైర్మన్ గారితో తామే మాట్లాడతామని వాళ్ళంతట వాళ్ళే వచ్చారు. వకుళ మూలన బల్ల మీద కంప్యూటరు తెరుచుకుని, కొత్త గీతలు ఎలా వస్తాయో చూడాలని ఆత్రపడిపోతోంది.

డ్రమ్ము దగ్గర హిమబిందు. స్విచ్చి దగ్గరికి ఎవరెళ్తారని అడిగితే ఎవరూ కదల్లేదు. గవర్రాజు కుర్చీలోంచే డిల్లేశ్వరరావు వైపు చూసి గడ్డం ఎగరేశాడు. ఆ రోజు తర్వాత వాడు హాస్టల్లో ఫ్యాను స్విచ్చి కూడా ఎవరినో అడిగి వేస్తున్నాడని చెప్పుకున్నారు. వెనకాముందాడుతూ వచ్చి నిలబడ్డాడు. వైర్లు కలిపాడు. ఎడమచెయ్యి స్విచ్చి దాకా వెళ్ళి ఆగింది.

తెర మీద గీత చదునుగా పడుకుంది. వకుళ పెదాల మీదికి నవ్వొచ్చింది. ఎంత చక్కగా ఆగింది.

"సప్లై ఇత్తన్నానోయ్," అన్నాడు డిల్లేశ్వరరావు. కేక మూలల దాకా వెళ్ళింది.

అరవై గొంతులు పలికాయి. హిమబిందు రెండు చేతులూ అందరికన్నా ఎత్తుగా లేపింది. మన్యం లెక్చరర్లు తికమకపడి, చేతులెత్తి పలికారు. భానోజీరావు గారు సుద్దముక్కతో సహా చెయ్యెత్తారు. వకుళ తెర మీద సెకన్లు లెక్కపెడుతోంది. ఒకటి, రెండు, మూడు. గీత కదల్లేదు. నాలుగు. ఐదు. గ్లౌజులో లోపమేమో అనుకుంది. కొత్త చెవి పని చెయ్యలేదేమో. ఏడు. ఎనిమిది. తల వంచి తీగలు తడిమింది. ల్యాబంతా నిశ్శబ్దంగా ఉంది.

అప్పుడు తల ఎత్తింది. అందరి చేతులూ గాల్లోనే ఉన్నాయి. అందరి కళ్ళూ ఆమె మీదే ఉన్నాయి. కుర్చీలో గవర్రాజు మూడు వేళ్ళ చెయ్యి ఎత్తి పట్టుకుని, వేసవిలో చూసినట్టే, తొందరేమీ లేనట్టు ఆమె వైపే చూస్తున్నాడు.

వకుళ కంప్యూటరు మూసేసింది. లేచి నిలబడి రెండు చేతులూ పైకెత్తింది. కళ్ళు మసకబారాయి గాని గొంతు గట్టిగానే వచ్చింది.

"ఇయ్యి డిల్లేశ్వరరావూ," అంది.

మోటారు మెల్లగా తిరగడం మొదలుపెట్టింది. ఎంతసేపు పట్టిందో ఆ రోజు ఎవరూ చూసుకోలేదు.